ఈ నీరు ఎక్కడిది? ఇంటి మరమ్మతులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. కింది పడకగది పైకప్పు మీద నాలుగు నెలలుగా ఒక తడి మరక కనిపిస్తోంది. మొదట పళ్లెమంత ఉండేది, ఇప్పుడు చాపంత అయింది. సరిగ్గా దాని పైన ఉన్నది పై అంతస్తు హాలు. అక్కడ కుళాయి గాని పైపు గాని లేదు. స్నానాల గది అక్కడికి ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. ప్లంబరు ఆ గదిలోని కుళాయిలన్నీ మార్చాడు. మేస్త్రీ నేలలో మూడు టైల్స్ పగలగొట్టి చూసి, లోపల పొడిగానే ఉందన్నాడు. వాన పడినా పడకపోయినా తేడా లేదు. మరక కొన్ని రోజులు ఎండినట్టే ఉండి, మళ్లీ తడుస్తుంది. ఇక గది నేలంతా తవ్వించడమే మార్గమని అందరూ అంటున్నారు. తవ్వించమంటారా?

జవాబు: ఇప్పుడే తవ్వించకండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటను మీరు చివర్లో, ఏదో మామూలు సంగతిలా రాశారు: మరక కొన్ని రోజులు ఎండి మళ్లీ తడుస్తోందని. నాలుగు నెలలుగా ఇంట్లో అందరూ ‘నీరు ఎక్కడి నుంచి వస్తోంది’ అని వెతుకుతున్నారు గాని, ‘ఎప్పుడు వస్తోంది’ అని ఎవరూ వెతికినట్టు లేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే.

ఇంట్లో నీరు కారడానికి ఉన్న దారులు చాలా వరకు వాటి వేళను బట్టే బయటపడతాయి. ట్యాంకు నుంచి కుళాయిల దాకా వచ్చే పైపులో నీరు రాత్రింబవళ్లు ఒత్తిడితోనే ఉంటుంది. పది మీటర్ల ఎత్తున నీరు నిలిచి ఉంటే కింద సుమారు ఒక బార్ ఒత్తిడి పడుతుంది. అలాంటి పైపుకు సూదిమొనంత కన్నం పడినా అది సెలవు తీసుకోదు, కనుక దాని వల్ల ఏర్పడిన మరక సాధారణంగా ఎండదు. పైకప్పు పగుళ్ల నుంచి, పిట్టగోడ పక్క నుంచి దిగే నీరు వాన పడినప్పుడో, పడిన ఒకటి రెండు రోజులకో కనిపిస్తుంది. వాడిన నీరు పోయే గొట్టాలు, టైల్స్ మధ్య సందులు, తూము చుట్టూ ఉన్న అతుకు మాత్రం మనం నీరు వాడినప్పుడే కారతాయి. మీ మరక ఎండుతోంది కాబట్టి ఒత్తిడి ఉన్న పైపు మీద అనుమానం బాగా తగ్గింది. వానతో సంబంధం లేదు కాబట్టి పైకప్పు దాదాపుగా తప్పుకుంది. మిగిలింది వాడిన నీరు. ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. కుళాయి తిప్పాక నీరు పై షవరుకు ఎక్కే గోడలోని ముక్క పైపులో కుళాయి కట్టి ఉన్నంతసేపూ ఒత్తిడి ఉండదు. దానికి చిల్లు పడితే అదీ వాడినప్పుడే కారుతుంది, చూసేవారికి తూము తప్పులాగే కనిపిస్తుంది.

ఎనిమిది అడుగుల దూరం మిమ్మల్ని కలవరపెట్టనక్కరలేదు. నీరు పల్లమెరుగుననే సామెత నిజమే గాని, స్లాబు లోపలి పల్లం మన కంటికి కనిపించే పల్లం కాదు. స్లాబు పైముఖం ఎక్కడా పూర్తి సమతలంగా ఉండదు. దానికీ మీ టైల్స్‌కూ మధ్య ఇసుక, సిమెంటు పొర ఉంటుంది. నీరు ఆ పొరలో పక్కకు పాకి, కాంక్రీటు ఎక్కడ గుల్లగా ఉందో, ఎక్కడ సన్నని చీలిక ఉందో అక్కడే దిగుతుంది. స్లాబులో పోసిన కరెంటు గొట్టాలు ఇంకా మంచి కాలువలు. ఒక చోట గొట్టంలోకి దిగిన నీరు గది మధ్యలో ఉన్న ఫ్యాను కొక్కెం దగ్గర బొట్లుగా పడడం నేను చాలా ఇళ్లలో చూశాను. మీ మరక ఫ్యాను చుట్టూనో, దీపం చుట్టూనో మొదలై ఉంటే, ఈ పరిశోధన అంతా పక్కన పెట్టి ముందు ఆ గదికి కరెంటు ఆపి ఎలక్ట్రీషియను చేత చూపించండి. తడిసిన దీపం కింద నిలబడి కారణాలు ఆలోచించకూడదు.

నీరు దిగిన చోటు ఒకటి, తేలిన చోటు ఒకటి కావడం ఇళ్లకే పరిమితం కాదు. జర్మనీలో డాన్యూబ్ నది ఒక చోట సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. ఆ నీరు ఏమవుతోందో తేల్చడానికి 1877లో అక్కడ పది కిలోల ఫ్లోరెసీన్ అనే రంగును కలిపారు. సుమారు రెండున్నర రోజుల తర్వాత పన్నెండు కిలోమీటర్ల అవతల ఉన్న ఆఖ్ ఊటలో నీరు మెరిసే ఆకుపచ్చ రంగులో పైకి వచ్చింది. మీ ఎనిమిది అడుగులకు ఇప్పటికీ అదే పద్ధతి పనికొస్తుంది: అనుమానం ఉన్న చోట నీరు మీరే పోయండి, ఎంతసేపటికి తేలుతుందో చూడండి.

అయితే దానికి ముందు ఒక పెన్సిలు తీసుకుని నిచ్చెన ఎక్కండి. మరక అంచు వెంబడి సన్నగా గీత గీసి, దాని పక్కనే తేదీ, వేళ రాయండి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూసి, అంచు గీత దాటితే కొత్త గీత గీయండి. పక్కన ఒక నోటుపుస్తకంలో ఆ రోజు పై స్నానాల గదిలో ఎవరు ఏం చేశారో రాయించండి: స్నానం బకెట్‌తోనా షవరుతోనా, బట్టలు ఉతికారా, నేల కడిగారా, వాష్‌బేసిన్ నింపారా. వారం తిరిగేసరికి కాగితం మీద కనిపించే క్రమం చాలాసార్లు పలుగు అవసరం లేకుండానే దోషిని చూపిస్తుంది.

ఈ పుస్తకం చదివేటప్పుడు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. చాలా స్నానాల గదుల్లో స్లాబును కొంత కిందికి దింపి, పైపులు పరిచి, ఆ గుంతను ఇటుక ముక్కలతోనో కంకరతోనో నింపి, పైన టైల్స్ వేస్తారు. అడుగున నీరు దిగకుండా వేసిన పొర దెబ్బతింటే ఆ గుంత ఒక దాగిన తొట్టిలా నీటిని నిలవ ఉంచుకుని, రోజుల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. అప్పుడు ఈ రోజు పోసిన నీరు ఎల్లుండి కనిపిస్తుంది. వాడినప్పుడే కారే తూము ఎప్పుడూ కారే పైపులా నటిస్తుంది. అందుకని పరీక్షకు ముందు ఆ గది వాడకం పూర్తిగా ఆపి, మరక గీతలు కదలకుండా ఆగే వరకు, అంటే వారమైనా పదిరోజులైనా, ఓపిక పట్టాలి. ఇంట్లోవారు గొణుగుతారు, నిజమే. నేలంతా తవ్వితే ఇంతకంటే ఎక్కువ రోజులు గొణుగుతారు.

ఎండిన తర్వాత ఒక్కొక్కటిగా, రెండు పరీక్షల మధ్య కనీసం 48 గంటలు విడిచి చేయండి. మొదట తూము జాలీ తీసి, ఒక రబ్బరు గొట్టం లోపలికి దించి, నేల తడవకుండా రెండు బకెట్ల నీరు నేరుగా గొట్టంలోకి పోయండి. గీత కదిలితే తప్పు కింది గొట్టానిది, లేదా దాని అతుకుది. కదలకపోతే తూము నోటిని గుడ్డ చుట్టిన బంతితో గట్టిగా మూసి, నేల మీద ఒక అంగుళం లోతు నీరు నిలిపి 24 గంటలు ఉంచండి. చదరపు మీటరుకు సుమారు పాతిక కిలోల బరువు పడుతుంది. మామూలు స్లాబుకు అది లెక్కలోది కాదు గాని, కింద పెచ్చులూడి ఇనుము బయటపడి ఉంటే మాత్రం ఈ పరీక్ష మీరు చేయకండి, ఇంజనీరును పిలవండి. నేల పరీక్షలో గీత కదిలితే టైల్స్ సందులనో, గోడా నేలా కలిసే మూలనో పట్టుకోవాలి. అదీ కాకపోతే గోడ వంతు: షవరు నీటిని కుళాయి చుట్టూ ఉండే గుండ్రటి స్టీలు బిళ్ల మీదికి పావుగంట పట్టండి. ఆ బిళ్ల వెనక గోడకు చేసిన కన్నాన్ని పూడ్చకుండా బిళ్లతో కప్పేసిన పనివారు తక్కువేమీ కాదు. తర్వాత కమోడ్ ఫ్లష్, చివరికి వాష్‌బేసిన్.

వాష్‌బేసిన్‌ను చివర పెట్టినా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి నాకు సొంత కారణం ఉంది. మా ఇంట్లోనూ ఇలాగే నెలకు రెండు మూడుసార్లు మాత్రమే తడిసే మరక ఒకటి ఉండేది. నేను అప్పట్లో ఈ సలహాలు ఇచ్చేవాణ్ణే గాని పాటించేవాణ్ణి కాదు; నేరుగా నేల పగలగొట్టించాను. తప్పు నేలది కాదు. వాష్‌బేసిన్ పై అంచు దగ్గర, నీరు పొంగిపోకుండా ఉండే చిన్న కన్నం ఉంటుంది కదా, దానిలోంచి దిగిన నీరు అడుగున తూము కప్లింగును కలిసే చోట రబ్బరు వాషరు ఎండి పెళుసెక్కింది. కుళాయి విడిచి ముఖం కడుక్కుంటే ఒక్క చుక్క కారేది కాదు. తొట్టిలో చేతి రుమాళ్లు నానబెట్టడానికి దాన్ని నిండా నింపిన రోజున మాత్రం నీరు ఆ కన్నం దాకా లేచి, వాషరు పక్క నుంచి గోడ వెంట జారేది. నాలుగు వేళ్ల వెడల్పు వాషరు మారిస్తే సరిపోయింది. పగిలిన టైల్స్‌కు సరిపడే రంగు దొరకక వేసిన మూడు పాలిపోయిన టైల్స్ ఇప్పటికీ మా స్నానాల గది నేల మీద ఉన్నాయి.

మీ మేస్త్రీ ‘లోపల పొడిగానే ఉంది’ అన్న మాట కూడా తప్పు కాదు. ఆ మూడు టైల్స్ కింద, ఆ రోజున పొడిగా ఉంది. అంతకు మించి ఆ మాటలో సాక్ష్యం లేదు.

ప్రశ్న: ఇంట్లో ఎక్కడా చెమ్మ లేదు, కుళాయిలు కారడం లేదు. అయినా నీటి మీటరు లెక్క రెండు నెలలుగా దాదాపు రెట్టింపు చూపిస్తోంది. మీటరే చెడిందనుకోవచ్చా?

జవాబు: మీటరును నిందించే ముందు దాన్నే సాక్షిగా పిలవండి. రాత్రి అందరూ పడుకున్నాక, ట్యాంకు నిండి ఉన్నప్పుడు, మీటరు అంకెలన్నీ చివరి చిన్న అంకెతో సహా రాసుకోండి. చాలా మీటర్లలో సన్నని నీటిధారకు కూడా తిరిగే చిన్న చక్రమో త్రికోణమో ఉంటుంది. ఎవరూ నీరు వాడని వేళ అది కదులుతుంటే ఎక్కడో నీరు పోతున్నట్టే. అప్పుడు మీటరు తర్వాత ఉన్న ప్రధాన వాల్వును కట్టండి. చక్రం ఆగితే తప్పు ఇంటి వైపు ఉంది. ఆగకపోతే వాల్వు సరిగా మూసుకుంటోందో లేదో ముందు చూడండి. మూసుకుంటోందంటే మీటరుకూ వాల్వుకూ మధ్య నేలలో ఉన్న ముక్కను తవ్వి చూడాలి.

ఇంటి వైపే అని తేలితే ట్యాంకు దగ్గరికి వెళ్లండి. ట్యాంకులోకి నీరు వచ్చే వాల్వునూ, ఇంట్లోకి దిగే వాల్వునూ రెండింటినీ కట్టి, ఒక కర్రను నిలువుగా దించి నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, తెల్లవారాక మళ్లీ చూడండి. లెక్క సులభం: ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న తొట్టిలో మట్టం ఒక మిల్లీమీటరు తగ్గితే ఒక లీటరు పోయినట్టు. సుమారు 1.1 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకుకు కూడా ఇదే లెక్క సరిపోతుంది. రెండో రాత్రి ఇంట్లోకి దిగే వాల్వును మాత్రం తెరిచి ఉంచి ఇదే పని చేయండి. మొదటి రాత్రి మట్టం తగ్గితే తప్పు ట్యాంకుది. రెండో రాత్రి మాత్రమే తగ్గితే ఇంటి పైపులది, లేదా వాటి చివర ఉన్న పరికరాలది.

చెమ్మ ఎక్కడా లేదన్నారు కాబట్టి నా అనుమానం రెండింటి మీద ఉంది. ఒకటి కమోడ్ ఫ్లష్ ట్యాంకు. అడుగున ఉండే రబ్బరు మూత అరిగితే నీరు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారి, గొట్టంలో కలిసిపోతుంది. తడి అనేదే ఎక్కడా కనిపించదు. ఫ్లష్ ట్యాంకులో వంటకు వాడే రంగు కొంచెం కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్‌లోని నీటికి రంగు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. రెండోది పై ట్యాంకు ఫ్లోట్ వాల్వు, అంటే ట్యాంకు నిండగానే బంతి తేలి నీటి రాకను ఆపే వాల్వు. పగలు పొరుగువారందరూ నీరు వాడుతున్నప్పుడు ఒత్తిడి తక్కువగా ఉండి అది బాగానే మూసుకుంటుంది. అర్ధరాత్రి ఒత్తిడి పెరిగాక అరిగిన వాషరు ఆగలేక, నీరు పొంగు గొట్టం ద్వారా బయటికి పోతుంది, తెల్లవారేసరికి ఆ తడి ఆరిపోతుంది. పొంగు గొట్టం చివర ఒక ప్లాస్టిక్ సంచి కట్టి పడుకోండి.

ఒకవేళ సెకనుకు ఒక్క బొట్టు కారే కుళాయి ఎక్కడైనా కంటపడిందే అనుకోండి. రోజుకు 86,400 బొట్లు. మిల్లీలీటరుకు ఇరవై బొట్లు వేసుకుంటే నాలుగు లీటర్ల పైచిలుకు. బాగు చేయించుకోవలసిందే గాని, మీ లెక్క రెట్టింపు కావడానికి అది కారణం కాదు.

ప్రశ్న: కింది అంతస్తు గోడకు మోకాలి ఎత్తు వరకు చెమ్మ, తెల్లటి పొడి వస్తున్నాయి. ఒకరు పైపు కారుతోందన్నారు, ఒకరు నేల నుంచి ఎక్కుతోందన్నారు, ఇంకొకరు గాలిలోని తేమ అన్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముగ్గురినీ పక్కన పెట్టి, ఒక పాలిథిన్ కాగితాన్ని నమ్మండి. మూరెడు ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒక రోజంతా ఉంచండి. కాగితం గదివైపు తడిస్తే ఆ నీరు గాలిలోది. గోడవైపు తడిస్తే గోడలోది. గాలిలో తేమ అన్నాయన మాట కొట్టిపారేయదగినది కాదు: గదిలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే, 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గోడ మీదైనా నీరు చెమటలా పడుతుంది. ఎయిర్ కండిషనర్ పెట్టిన గదికి అవతలి గోడలు తడవడానికి తరచు కారణం ఇదే.

కానీ మీరు తెల్లటి పొడి అన్నారు. అది ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణం. నీరు గోడ లోపలి నుంచి బయటికి వచ్చి ఆరిపోతూ దాన్ని ముఖం మీద వదిలి వెళ్తుంది. కనుక గోడలోని నీరే అని నా అంచనా. చెమ్మ గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే నేల నుంచి ఎక్కుతున్నట్టు. ఒక చోట గోపురంలా లేచి అటూ ఇటూ తగ్గిపోతుంటే, ఆ గోపురం కింద పైపు కోసం చూడండి. ఈ లోగా నీరు చొరని రంగు మాత్రం పూయించకండి. ఆరే దారి మూసుకుపోతే నీరు గోడలో ఇంకాస్త పైకి ఎక్కి, రంగు ఆగిన చోట బయటపడుతుంది.

ప్రశ్న: వేడిని చూపించే కెమెరాతో గోడలోని లీకు కచ్చితంగా తెలుస్తుందని విన్నాను. ఖర్చు పెట్టి పిలిపించవచ్చా?

జవాబు: ఆ కెమెరా నీటిని చూడదు, గోడ ముఖం మీద వేడి తేడాలను చూస్తుంది. తడి ఆరుతూ గోడను చల్లబరుస్తుంది కనుక తడి చోటు నల్లగా కనిపిస్తుంది. అవతల గదిలో ఎయిర్ కండిషనర్ ఉన్నా అలాగే కనిపిస్తుంది. వేడినీటి పైపు కారుతుంటే మాత్రం చక్కగా పట్టిస్తుంది. రెండు సూదులు గుచ్చి తేమ కొలిచే పరికరం కూడా లవణం పట్టిన గోడ మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒత్తిడి ఉన్న పైపు మీద అనుమానం ఉంటే వీటికంటే ఒత్తిడి పరీక్ష నమ్మదగినది: కుళాయిల చోట బిరడాలు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, గేజి ముల్లు నిలుస్తుందో దిగుతుందో చూస్తారు. దానికీ ముందు, ఖర్చు లేని పని ఒకటి ఉంది. రాత్రి నిశ్శబ్దంలో పొడవాటి స్క్రూడ్రైవరు మొనను వాల్వు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినండి. కారే పైపు సన్నగా, ఆగకుండా బుస కొడుతుంది.

ప్రశ్న: కారే చోటు దొరికి బాగు చేయించి వారమైంది. మరక మాత్రం అలాగే ఉంది. పని సరిగా జరగలేదా? రంగు ఎప్పుడు వేయించాలి?

జవాబు: ఆరిన మరక కూడా మరకే, నీరు తెచ్చిన రంగు నీటితో పాటు పోదు. పైగా స్లాబు తాగిన నీరు వారంలో ఆరదు, వారాలు పడుతుంది. మరక రంగును చూసి తీర్పు చెప్పకండి. పెన్సిలుతో అంచు గీసి తేదీ వేయండి, ఆ గదిని మామూలుగా వాడుకోండి. మూడు వారాల తర్వాత కూడా తడి ఆ గీత దాటకుండా, మరక మీద అంటించిన పాలిథిన్ లోపలివైపు పొడిగా ఉంటే, అప్పుడు గుల్లబారిన సున్నం గీకించి రంగు వేయించవచ్చు. గీతను మాత్రం రంగు వేసే రోజు వరకు చెరపకండి.